కందుల గోదాంలో మొదటి మీటింగు

కుర్చీలు నేనే వేశాను, గుండ్రంగా, వికారాబాద్‌లో వేసినట్టే, ఒకరి మొహం ఒకరికి కనపడేటట్టు, ఇప్పుడు వాటిలో ఒకదాంట్లో మా ఆయన బీరన్న కూర్చున్నాడు, మిగతావన్నీ ఖాళీ, నేను గోదాం వాకిట్లో నిలబడి సందు మొదటిదాకా చూపు పెట్టుకుని ఉన్నాను, కొత్త చీర కట్టుకున్నాను, ఎవరొస్తారని కట్టావే అని ఆయన నవ్వాడు, ఎవరొస్తారో తెలియదు కాబట్టే కట్టాను, వచ్చినవాడికి బీరన్న పెళ్లాం మాసిన చీరతో ఏడుపు మొహంతో కనపడకూడదు, ఆ రోజులు అయిపోయాయని నా చీరే చెప్పాలి. ఆదివారం, మార్కెట్ యార్డు బందు, సందులో పరిచిన బండలు ఎండకు ఇంకా కాలుతున్నాయి, ఒక్క మనిషి లేడు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగు వికారాబాద్‌లో ఉంది, ఇన్నాళ్లూ రైలెక్కి అక్కడికే పోయాం, ఇప్పుడు తాండూరులో మేమే మొదలుపెడుతున్నాం, ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, మేం తిరగేసి రచ్చ గెలిచి ఇంటికొచ్చాం, తప్పేముంది, గెలవడం ముఖ్యం. వికారాబాద్ మీటింగు నడిపే రాజేందరన్న ముందే చెప్పాడు, "ఒక్కనివున్నా మీటింగే బీరన్నా. కుర్చీలెయ్, గంట కూసో, లెవ్వు. ఎవ్వరు రాకుంటె మల్ల ఆదివారం కూసో." మా ఆయన సరే అన్నాడు, ఆయన కూర్చోగలడు, పుట్టినప్పటి నుంచి గొర్లు కాసినవాడు, కదలకుండా ఉండమంటే పొద్దుగూకేదాకా ఉంటాడు, నాకే కాలు నిలవదు. ఒక్కరైనా రావాలి. ఈ ఊరు మా ఆయన పడిపోయినప్పుడు చూసింది, ఈ సందులోనే చూసింది, బీరిగాడు పడ్డాడని పిలిచి మరీ చూపించింది, లేచి కూర్చున్నప్పుడు కూడా వచ్చి చూడాలి కదా. ఎవరూ రాకపోతే ఆయన ఏమీ అనడు, కుర్చీలు సర్దుకుని వస్తాడు, కానీ ఊళ్లో నేనింకా ఆ బీరిగాడినే అని మనసులో అనుకుంటాడు, అది నేను పడనివ్వను.

గోదాం కిషన్ సేటుది. ముందు వైపు కందుల దుకాణం, పైన ఇల్లు, వెనక ఈ గోదాం, ఇంటి మెట్లు దిగితే నేరుగా దీని వాకిట్లోకే వస్తారు. కందులు యార్డుకు పోయాయి గానీ వాసన పోలేదు, పొట్టు దుమ్ము మూలమూలనా ఉంది, పొద్దున్నుంచి ఊడ్చాను, ఊడ్చినకొద్దీ వస్తూనే ఉంది. తాళంచెవి ఇచ్చింది సేటు కాదు, ఆయన భార్య పద్మమ్మ. మా కందులు తూకానికి తెచ్చినప్పుడల్లా పైకి పిలిచి మజ్జిగ ఇచ్చే మనిషి, ఎప్పుడూ పూజలో నుంచి లేచి వచ్చినట్టు ఉంటుంది, తడి జడ, ఇంత కుంకుమ బొట్టు. పోయిన నెల నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తలుపు వేసి, "శంకరమ్మా, మీ ఆయన నిజంగనే బంద్ జేసిండా? ఏడికి వోయిండ్రు? ఏమంటరు అక్కడ?" అని అడిగింది, అడుగుతూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నాకు అప్పుడే అర్థమైపోయింది, కిషన్ సేటు తాగుతున్నాడన్నమాట, దొంగచాటుగా, అందుకే ఆ ఎర్రటి కళ్లు, అందుకే మధ్యాహ్నం గల్లాపెట్టె ముందు కునుకు. పెద్దింటి మాట, నోరు జారి అనలేక పాపం నన్ను అడుగుతోంది. నేను తెలిసినట్టు కనపడలేదు, నాకంత తెలివి ఉంది, మా ఆయన నా నోట్లో నువ్వుగింజ నానదంటాడు గానీ నానబెట్టాల్సినప్పుడు నానబెడతాను. ఆడవాళ్లు కూడా వస్తారా అని అడిగింది. "ఎందుకు రారు అక్కా, నేను వోతలేనా, బయట వరండల కూసుంటం, మొగోళ్లు లోపల మాట్లాడుకుంటరు" అన్నాను. ఆమె వేలికి చుట్టిన కొంగు విప్పుకుని, గోదాం ఖాళీగానే ఉంది కావాలంటే వాడుకోమంది. సేటు పుణ్యానికి ఇచ్చాననుకుంటున్నాడు, ఇంతకీ ఆ పుణ్యం ఆయనకే తగలాలని ఆయన భార్య చూస్తోంది, మెట్లు దిగితే చాలు కదా, నాలుగు అడుగులు. దిగితే బాగుండు. కిషన్ సేటు మా ఆయన పక్కన కుర్చీలో కూర్చుంటే తాండూరు తాండూరంతా లేచి వస్తుంది.

ఆ మీటింగును కనిపెట్టింది నేనే, నా గొప్ప నేనే చెప్పుకోవాలి, మా ఆయన చెప్పడు, ఆయనకు చేతకాదు. మా బిడ్డ అంబికను వికారాబాద్‌లో ఇచ్చాం, దాన్ని చూడడానికి పోయి తిరిగి స్టేషనుకు నడుస్తుంటే వాన, అనంతగిరి వైపు నుంచి వచ్చే వాన చెప్పి రాదు, పరుగెత్తి ఒక చిన్న బడి వరండా ఎక్కాను. లోపల మగవాళ్ల నవ్వు. కిటికీ పక్కన నిలబడ్డాను, వినాలని కాదు, వాన జల్లు అటు కొట్టడం లేదని. ఒకాయన చెబుతున్నాడు, ఇంట్లో పాల ప్యాకెట్ తెస్తానని చెప్పి బయటికి వెళ్లి తాగి రాయచూరులో లేచాడట, పాల ప్యాకెట్ మాత్రం జేబులోనే ఉందట, పగిలిపోయి. అందరూ విరగబడి నవ్వుతున్నారు, నాకు ఒళ్లు మండిపోయింది, ఇంటి దగ్గర ఆ తల్లి ఎంత ఏడ్చిందో వీళ్లకు నవ్వులాటా అని కిటికీలోకి తల పెట్టి తిట్టబోయాను. పెట్టాను కూడా. చూస్తే ఒక్కడూ తాగి లేడు. బల్ల మీద టీ గ్లాసులు, ఇస్త్రీ చొక్కాలు, చెబుతున్నాయన కళ్లలో నీళ్లు, నవ్వుతూనే ఉన్నాడు. తాగని మగవాళ్లు అంత గట్టిగా నవ్వగా నేను అంతకుముందు వినలేదు, మా ఇళ్లలో నవ్వు వినపడిందంటే సీసా విప్పినట్టే లెక్క. తిట్టు నోట్లోనే ఉండిపోయింది. రాజేందరన్న లేచి వచ్చి, "ఎవలి కోసం వచ్చినవ్ చెల్లే?" అన్నాడు. వాన కోసం అన్నాను. ఆయన నవ్వలేదు, ఇంట్లో ఎవరైనా ఉంటే తీసుకురమ్మన్నాడు, ఒక్కసారి చాలన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి, బస్సులో సీటు చూపించినట్టే మాట్లాడతాడు.

ఒక్కసారి తీసుకురావడమే కదా కష్టం. బావి దగ్గరికి గొర్రెను ఈడ్చుకుపోవచ్చు గానీ మా ఆయన్ని మీటింగుకు ఎట్లా ఈడ్చను, కుక్క తోక వంకర అని మా తమ్ముడే అనేశాడు, వదిలెయ్యి అక్కా అన్నాడు. నేను వదల్లేదు. వికారాబాద్‌లో మంచి పొట్టేలు అమ్మకానికి ఉందన్నాను, నల్ల మొహం, తిరిగిన కొమ్ములు, మన మందకు పనికొస్తుందని. ఆ మాటకు ఆయన లేచాడు, పొద్దున్నే స్నానం చేశాడు, పొట్టేలును కట్టి తేవడానికి తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు, రైల్లో ఆ పొట్టేలు పళ్ల గురించే మాట్లాడాడు, తాగలేదు, తాగినవాడు బేరంలో మోసపోతాడని. ఆ బడి వరండా ఎక్కి లోపల కుర్చీల్లో మనుషులను చూసి, "పొట్టేలేది?" అన్నాడు. నేను రాజేందరన్న కోసం వెతికాను. రాజేందరన్న తాడు వైపు చూసి, నా వైపు చూసి, "పొట్టేలు దొరికిందిలే అన్నా, కూసో" అన్నాడు. గదంతా గొల్లుమంది. మా ఆయన తిరిగి వచ్చేస్తాడనుకున్నాను, కొడతాడేమో అనుకున్నాను, ఆయన మాత్రం ఆ తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు, గంటసేపూ కదల్లేదు, ఇంటికొచ్చాక "వచ్చె ఆదివారం గుడ పోదాం" అన్నాడు. తాడు మాత్రం మళ్లీ తేలేదు.

వికారాబాద్ మీటింగులో వింత ఏమిటంటే వికారాబాద్ వాళ్లు తక్కువ. కొడంగల్ వాళ్లు, మా తాండూరు వాళ్లు, ఒకాయనైతే కర్ణాటక నుంచి, కన్నడంలో ఏడ్చేవాడు, ఏడుపు అర్థమయ్యేది. వికారాబాద్ వాళ్లు హైదరాబాద్ పోతారట, అందరూ సొంతూరు దాటి అవతలి స్టేషన్లో దిగుతారు, అక్కడా చెప్పులు సంచిలో పెట్టుకుని లోపలికి తెచ్చుకునేవాళ్లున్నారు, చెప్పులు చూసి మనిషిని పట్టేస్తారని. తాగి ఊరి నడిబొడ్డున పడుకున్నప్పుడు లేని సిగ్గు మానడానికి వచ్చిందా అని నాకు కోపం, రాజేందరన్న మాత్రం "గది సిగ్గు గాదు చెల్లే, భయం, మానుతనని చెప్పి మల్ల తాగితే ఊరు నవ్వుతది" అన్నాడు. ఆ భయం మా ఆయనకు లేకుండా పోయింది మా కులదేవుడు బీరప్ప పండుగ నాడే. కొడంగల్ అవతల మా అత్తవారి ఊళ్లో, డోళ్లు మోగుతుంటే, దేవుడికి సాక పోసి మిగిలిన కల్లు మోదుగాకు డొప్పల్లో అందరికీ పంచుతారు, కులంలో పుట్టినవాడు కాదనడానికి లేదు, కాదంటే దేవుణ్ణి కాదన్నట్టే. కుల పెద్ద బిచ్చయ్య తాత డొప్ప చాపాడు, మా ఆయన రెండు చేతులా అందుకున్నాడు, నా ప్రాణం పోయింది, అందుకుని దేవుడి ముందు మొత్తం ఒంచేశాడు, చుక్క మిగల్చకుండా. "దేవుని సాక కాదంటవా బీరిగా?" అని తాత అరిచాడు. "కాదంటలే తాతా. నా వాటా గుడ ఆయనకే ఇస్తున్న" అన్నాడు. డోళ్లు ఆగిపోయాయి. బిచ్చయ్య తాత ఖాళీ డొప్ప చూసి, "ఇగ దేవునికే ఎక్కువైతది పో" అన్నాడు, జనం నవ్వారు, డోళ్లు మళ్లీ మొదలయ్యాయి, నేను గుంపులో ఉన్నానని మరిచిపోయి ఏడ్చాను. పెళ్లినాడు కూడా ఆయన వైపు అట్లా చూడలేదు.

ఎవరో వస్తున్నారు. సందు మొదట్లో ఒకతను, చొక్కా మీద సిమెంటు బూడిద, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వస్తున్నట్టుంది, అటు చూసి ఇటు చూసి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, గీడ మోటరు రిపేరు జేస్తరా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, చేతిలో మోటరు లేదు, "మోటరు గాదు తమ్మీ, గీడ తాగుడు బంద్ జేసే మీటింగు, రా రా, లోపలికి రా, ఏం సిగ్గువడకు" అన్నాను, గట్టిగానే అన్నాను, సంతోషంలో గొంతు తగ్గదు నాకు. అతను రెండు అడుగులు వెనక్కి వేసి, మోటరే కావాలి అని గొణిగి పోయాడు. తర్వాత మా పాలోళ్ల, అంటే దాయాదుల పిల్లగాడు అంజి, పిల్లగాడంటే ముప్పై దాటినవాడే, పెళ్లాన్ని పుట్టింటికి పంపించుకున్నవాడు, సందులోకి తిరిగాడు, నన్ను చూశాడు, ఫోను చెవికి పెట్టుకున్నాడు, మోగని ఫోను, మాట్లాడుకుంటూ వెనక్కి తిరిగాడు. "అంజీ!" అని పిలిచాను, పరుగే. ఆ తర్వాత బండి మీద చంద్రకాంత్ సారు, బడిలో లెక్కలు చెబుతాడు, బండి నెమ్మది చేశాడు, నేను చేయి ఊపాను, బండి జోరు చేశాడు. లోపల మా ఆయన కుర్చీ కిర్రుమంది. తిరిగి చూడలేదు నేను. ముగ్గురు. ముగ్గురూ రావడానికే వచ్చారు, ముగ్గురూ వాకిటిదాకా వచ్చి పోయారు. ఏం ఊరిది, ఇంత ఎదురుచూస్తూ ఇంత ప్రేమగా పిలుస్తుంటే.

ఎదురుచూస్తూ. వాకిట్లో. ఓసి నా తెలివి తగలెయ్య. కొత్త కోడలుగా వచ్చినప్పుడు పొద్దుగూకి మంద ఇంటికి తిరిగొచ్చే వేళ నేను దొడ్డి వాకిట్లో నిలబడి గొర్లను పిలుస్తుంటే మా అత్త నా రెక్క పట్టుకుని లాగింది, వాకిట్ల నిలవడితే గొర్రె జొరవడతదా, దాని కండ్లల్ల కండ్లు పెడితే ఎనుకకే పోతది, పక్కకు జరిగి అటు దిక్కు తిరుగు అంది, కొత్తగా కొన్న గొర్రె అయితే మరీను, దానికి నీ వీపు కనపడాలి, నువ్వు దాన్ని చూడడం లేదని తెలియాలి, అప్పుడే కాలు లోపల పెడుతుంది. పాతికేళ్లుగా ప్రతి పొద్దూ చేస్తున్న పని, కోడలు వస్తే నేను నేర్పాల్సిన పని. ఇవాళ కొత్త చీర కట్టుకుని, ఊళ్లో సగం మంది గుట్లు తెలిసిన మొహం వేసుకుని, వాకిటి నడుమ నిలబడి వచ్చినవాడి కళ్లలో కళ్లు పెట్టి రా రా అంటున్నాను. మా ఆయనకు తెలిసే ఉంటుంది, లోపల నుంచి నా వీపు కనపడుతూనే ఉంది, అయినా జరుగు అనలేదు, అంత సంబరంగా ఉంది పోనీలే అనుకున్నాడేమో. నాకు చూడాలని ఉంది, అదే కదా, ఎవరెవరు వచ్చారో నా కళ్లతో చూడాలి, మా ఆయన దగ్గరికి ఊరు నడిచి రావడం చూడాలి, ఇన్నేళ్లు పడ్డదానికి ఆ మాత్రం చూసే హక్కు లేదా నాకు. ఉంది. ఉన్నా, నేను చూస్తే వాళ్లు రారు. వాకిటి పక్కన, కిటికీ కింద ఒక బండ ఉంది, పోయి దాని మీద కూర్చున్నాను, సందుకు వీపు పెట్టి, గోదాం గోడ వైపు మొహం తిప్పుకుని. కొంగు కూడా తల మీదికి లాక్కున్నాను. గోడకు సున్నం వేసి ఎన్నేళ్లయిందో, ఒక చీమల బారు పైకి పోతోంది, కందిబద్ద ముక్క ఒకటి మోసుకుని, నలుగురు కలిసి.

చీమలనే చూస్తున్నాను. అడుగులు. తిరగకు శంకరమ్మా. బూట్ల చప్పుడు, బరువైన బూట్లు, వాకిట్లో ఆగాయి, ఆగాయి, లోపలికి పోయాయి. కుర్చీ కాలు బండ మీద గీసుకున్న చప్పుడు. నా గుండె ఎట్లా కొట్టుకుంటోందంటే చీమలకు వినపడుతుందేమో అనిపించింది. తర్వాత చెప్పులు, రబ్బరు చెప్పులు, తొందరగా, ఎవరో తరిమినట్టు. ఇంకో కుర్చీ. ఆ తర్వాత బండి ఆగిన చప్పుడు, సందు మొదట్లోనే ఆపాడు, నడిచి వచ్చాడు, మంచి మనిషి, ఇంకో కుర్చీ. లోపల మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నా పేరు బీరన్న. నేను తాగుడు మనిషిని. ఇయ్యాల తాగలే" అన్నాడు. ఈ మాట వికారాబాద్‌లో ఎన్నిసార్లు విన్నానో, ప్రతిసారీ మెల్లగా అనేవాడు, ఇక్కడ, ఆయన పడిపోయిన సందుకు వినపడేటట్టు అన్నాడు. నా మొగుడు. ఈ గోడకు నోరుంటే అదీ శభాష్ అనేది. ఆ సిమెంటు మనిషి పేరు చెప్పాడు, మోటరు రిపేరు గొంతే, తర్వాత ఏడ్చాడు, ఎవరూ ఓదార్చలేదు, మీటింగులో ఓదార్చరు, ఏడవనిస్తారు. నేనూ ఏడుస్తున్నాను, ఎంత హాయిగా ఉందో.

అప్పుడు మెట్ల మీద అడుగులు. మెత్తగా, చెప్పులు లేకుండా. సేటు దిగుతున్నాడు అనుకున్నాను, రా సేటూ రా, నేను చూడను, నా వీపు చూసుకుంటూ పో, నీ ఇంటి మర్యాద నా దగ్గర భద్రం. గాజుల చప్పుడు వచ్చింది. సేటుకు గాజులు ఎందుకుంటాయి. పద్మమ్మ వచ్చింది అనుకుని, నా పక్కన కూర్చుంటుందని బండ మీద జరిగాను, తల తిప్పకుండానే జరిగాను. గాజులు నా వెనక నుంచి దాటుకుని పోయాయి. వాకిట్లో ఆగాయి. లోపల మా ఆయన కుర్చీలోంచి గబుక్కున లేచిన చప్పుడు, సేటమ్మ వస్తే కూర్చుని ఉండడం ఆయనకు అలవాటు లేదు. "కూసో అన్నా" అంది ఆమె. ఒక కుర్చీ గీసుకుంది, చిన్నగా. ఫ్యాను తిరుగుతోంది. "నా పేరు పద్మ" అంది. "నేను గుడ తాగుత. మా ఆయనకు తెల్వదు. ఎవ్వరికి తెల్వదు." రెండు మూడు మగ గొంతులు ఒకేసారి, తడబడుతూ, "నమస్తే పద్మక్కా" అన్నాయి, వికారాబాద్‌లో అన్నట్టే, అందులో అందరికంటే ముందు మా ఆయన గొంతు.

నా చేయి నోటి మీద ఉంది, ఎప్పుడు పెట్టుకున్నానో. ఆడవాళ్లు వస్తారా అని ఆమె నన్ను అడిగింది, నేను బయట కూర్చుంటారని చెప్పాను, ఎంత తెలివిగా చెప్పాను, ఆ మాటతోనే ఆమె రాకుండా పోయేది, అయినా వచ్చింది, మగవాళ్ల నడుమ కుర్చీ లాక్కుని కూర్చుంది, తూకానికి వచ్చినవాళ్లు తలెత్తి చూడడానికి జంకే మనిషి. వాకిట్లో నేను నిలబడి ఉంటే దిగేది కాదు, ఒక్క మెట్టు కూడా. పాపం సేటు, ఆ కళ్ల ఎరుపు కందుల దుమ్ముది, పొద్దంతా దుమ్ములో ఉంటే కునుకు రాక ఏమవుతుంది. నాకు సిగ్గు రావాలి, రాలేదు, ఒళ్లంతా ఏదో పొంగుతోంది, మా ఆయనను చూసి గర్వపడడానికే వచ్చాను, ఇప్పుడు ఈమెను చూసి, కాదు, చూడకుండా, గర్వపడుతున్నాను, ఇద్దరికీ సరిపోయేంత ఉంది నా దగ్గర. కిటికీలో నుంచి ఆమె గొంతు వస్తూనే ఉంది. ఏం చెబుతోందో నేను చెప్పను, అది ఆ గదిది.

పైన తలుపు తీసిన చప్పుడు. కిషన్ సేటు మెట్ల మీద నాలుగు మెట్లు దిగి ఆగాడు, ఆయన దగ్గు నాకు తెలుసు. "శంకరమ్మా, ఎవలన్న వచ్చిండ్రా మీటింగుకు?"

"వచ్చిండ్రు సేటూ, మంచిగనే వచ్చిండ్రు."

"ఎవలెవలు?"

"జెప్పొద్దు సేటూ, గీడ గట్ల జెప్పరు."

ఆయన ఇంకో మెట్టు దిగాడు. లోపల ఆమె మాట ఆగిపోయింది, ఫ్యాను ఒక్కటే. "మా ఆమె గిటు వచ్చిందా? ఇంట్ల కనవడ్తలేదు."

ఇంత వయసు వచ్చాక, ఇన్ని మాటలు ఇన్ని ఇళ్లకు మోసాక, నా నోటికి మొదటిసారి నిజమే అండగా నిలిచింది. "నా కండ్లతోని నేనెవ్వర్ని జూడలే సేటూ. గోడ దిక్కు మొకం వెట్టుకోని కూసున్న."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూస్తున్నాడని వీపుకు తెలుస్తోంది, పెద్దామెకు ఎండ తగిలిందనుకుంటున్నాడేమో. "గోడకేం జూస్తున్నవ్ శంకరమ్మా?"

లోపల మా ఆయన పద్మమ్మతో మెల్లగా, "జెప్పు అక్కా, ఫికర్ లేదు, జెప్పు" అన్నాడు.

"మా ఆయన మీటింగు నడిపిస్తుండు సేటూ," అన్నాను తల తిప్పకుండానే, "గదే జూస్తున్న."